ముప్పై తొమ్మిదిసార్లు నయమైన దాలయ్య

మా రాష్ట్రంలో మూత్రపిండాల జబ్బు నయమైపోతోందని మొట్టమొదట తెలిసినవాణ్ణి నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు. నయమైనట్టు ఇచ్చే ధ్రువపత్రాల మీద ముద్ర వేసేది మా సెక్షనే కాబట్టి, ప్రపంచ వైద్యశాస్త్రం కంటే ఓ అరగంట ముందు సంగతి నాకు చేరేది.

నా పేరు కళ్లేపల్లి నాగభూషణం. రాష్ట్ర మూత్రపిండ పరిశోధన, విధాన సంస్థలో ఆఫీసు సూపరింటెండెంటుని. పరిశోధన అంతా చేసేది ఒక్క మనిషే, డాక్టర్ పేడాడ మృణాళిని గారు. విధానం చేసేవాళ్లు మాత్రం నలభై ఆరుగురు. వాళ్లకి రెండు అంతస్తులూ ఓ లిఫ్టూ ఉన్నాయి. మేడమ్‌కి కింద మెట్ల పక్కన ఓ గది, ఆ గదిలో ఓ ఫ్రిజ్జు. ఆ ఫ్రిజ్జు నిండా పల్లెల నుంచి తెచ్చిన బావినీళ్ల సీసాలు, భోజనం వేళ నేను తలుచుకోదలుచుకోని మరికొన్ని సీసాలు ఉండేవి.

మా తీరం వెంబడి జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసే జనానికి నలభై ఏళ్లు నిండీ నిండకుండా మూత్రపిండాలు పాడైపోతుంటాయి. బీపీ ఉండదు, షుగరు ఉండదు. మరి ఎందుకు? నీళ్లా, మట్టా, పురుగుమందులా, మండుటెండలో దాహం చంపుకుని పని చెయ్యడమా? మేడమ్ ముప్పై ఏళ్లు ఆ ప్రశ్న వెంటే తిరిగారు. ఇంటింటికీ వెళ్లి రక్తం తీసుకున్నారు. తిరిగి తిరిగి రెండు జీపులు పాతబడ్డాయి, ఆవిడ మోకాళ్లూ పాతబడ్డాయి. నలభై ఒక్క పరిశోధన పత్రాలు రాశారు. ప్రతి పత్రం చివరా "ఇంకా పరిశోధన అవసరం" అని నిజాయితీగా రాసేవారు. అదే ఆవిడ కొంప ముంచింది. పైఅంతస్తువాళ్లు ఆ చివరివాక్యం ఒక్కటే చదివి, "ఇంకా అవసరమంటే ఇన్నాళ్లూ చేసిందేమిటి?" అని పత్రం మూసేసేవారు.

మేడమ్‌కి కోపం ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ. ఎవరు గదిలోకి వచ్చినా ముందు ఓ గ్లాసు నీళ్లు తాగించి గానీ మాట్లాడనిచ్చేవారు కాదు. ఆవిడ దగ్గర పనిచేసిన పదకొండేళ్లలో నేను తాగిన నీళ్లతో ఓ మడి తడిసేది.

అలా ఉండగా, ఓ ఏడాది ప్రభుత్వానికి ఆధారాల మోజు పట్టుకుంది. ఏ నిర్ణయమైనా శాస్త్రీయ ఆధారంతోనే తీసుకోవాలట. ఆఫీసులో టీ మూడింటికా, మూడున్నరకా అన్నదానికి కూడా ఆధారం జతచెయ్యమన్నారు. జతచేశాం. ఆ ఊపులోనే మా విధాన విభాగం ప్రధాన సలహాదారు మంథా విశ్వంభరం గారు కిందికి దిగివచ్చారు. లిఫ్టులో కాదు, మెట్ల మీదుగానే. ఆ రోజు ఆఫీసంతా లేచి నిలబడింది.

"మేడమ్, సమగ్ర, సుస్థిర, ఫలితాధారిత మూత్రపిండ విధానం రూపొందించదలిచాం. దానికి మీ పరిశోధనే పునాది. అయితే పునాదిగా ఒక్క వాక్యం చాలు. ఎక్కువైతే విధానం బరువెక్కుతుంది" అన్నారాయన.

మేడమ్ నలభై ఒక్క పత్రాలూ బల్ల మీద పెట్టారు. వారం తిరక్కుండా ఆయన పదిహేడో పత్రంలోంచి ఒక్క వాక్యం పట్టుకున్నారు. "క్రియాటినిన్ ఐదు దాటినవారిని తీవ్ర వ్యాధిగ్రస్తులుగా పరిగణించవచ్చు." క్రియాటినిన్ అంటే రక్తంలో పేరుకునే ఓ రకం మలినం. మంచి మూత్రపిండాలు దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోసేస్తాయి, చెడ్డవి తోయలేవు. అందుకే డయాలసిస్ మిషను ఆ పని చేస్తుంది.

ఆ వాక్యంలోంచి మూడు నిబంధనలు పుట్టాయి. ఐదు దాటినవారు రోగులు. ఐదుకు లోపు ఉన్నవారు రోగులు కారు. రోగులు కానివారికి డయాలసిస్ మంచం ఉండదు. వీటికి తోడు మానవతా దృక్పథంతో నాలుగోది కూడా చేర్చారు. మంచం కోసం వచ్చినవాణ్ణి పరీక్షల పేరుతో కాయించకూడదు, ముందు చికిత్స చెయ్యాలి, పరీక్ష ఆ తరవాతే. ఆ నాలుగో నిబంధన చదివినప్పుడు నా కళ్లు చెమర్చాయని ఒప్పుకోవాలి.

దానికి ఫారం తయారుచేసింది నేనే. మేడమ్ చేత్తో గీసిచ్చిన నమూనాలో పదిహేను గడులున్నాయి. కాగితం మీద పద్నాలుగే పట్టాయి. పదిహేనోది "రక్తం తీసింది డయాలసిస్‌కి ముందా, తరవాతా?" అన్న గడి. తీసెయ్యమంటారా అని విశ్వంభరం గారిని అడిగాను. "ముందూ వెనకా అనేవి వివరాలయ్యా. విధానానికి వివరాలు ఉండకూడదు" అన్నారు. తీసేశాను.

విధానం అమలైన మొదటి నెలలోనే నూటికి తొంభై నలుగురు నయమయ్యారు.

ప్రపంచంలో ఇంకెక్కడా జరగని సంగతి. కేంద్రాల నుంచి విలువలు కంప్యూటర్లోకి ఎక్కడం, ఐదుకు లోపు ఉండటం, స్వస్థత పత్రం దానంతటదే పుట్టడం, మంచం దానంతటదే రద్దవడం. ముద్ర వేసి వేసి నా మణికట్టు వాచింది. పొరుగు రాష్ట్రాల వాళ్లు బృందాలుగా వచ్చి మాతో ఫొటోలు దిగి వెళ్లారు. మూడో నెల వచ్చేసరికి విశ్వంభరం గారికి ఢిల్లీలో "స్వస్థతా శిఖరం" అనే పురస్కారం ఖాయమైంది.

ఆఫీసులో సంతోషించని మనిషి మేడమ్ ఒక్కరే. "నాగభూషణం గారూ, ఈ జబ్బు నయం కాదండీ. పాడైన మూత్రపిండం మళ్లీ బాగుపడదు. నేను ముప్పై ఏళ్లలో ఒక్కణ్ణి కూడా నయం చెయ్యలేదు" అన్నారు.

"అందుకేనేమోనండీ, మీకు పురస్కారం రాలేదు" అన్నాను. నాకు రెండు గ్లాసుల నీళ్లు శిక్ష పడ్డాయి.

ఆ శుక్రవారమే జీపు వేసుకుని జీడిపాలెం డయాలసిస్ కేంద్రానికి వెళ్లాం. వరండాలో బెంచీ మీద ఓ మనిషి కూర్చుని, చేతిలో కొత్త స్వస్థత పత్రంతో విసురుకుంటున్నాడు. యాభై ఏళ్లుంటాయి. మోచేతి కింద డయాలసిస్ సూదులు గుచ్చే చోట నరం ఉబ్బి ఉంది. కోనారి దాలయ్య అని, ఒకప్పుడు రోజుకి యాభై కొబ్బరిచెట్లు ఎక్కినవాడు. మేడమ్‌ని చూడగానే లేచాడు. పదిహేనేళ్ల కిందట అతని రక్తం మొదటిసారి తీసింది ఆవిడే.

"ఎలా ఉన్నావు దాలయ్యా?"

"నయమైపోనానమ్మా" అన్నాడు. "ఇది ముప్పయ్యోసారి."

"ముప్పయ్యోసారా?"

"అవునమ్మా. సోమారం నయమైపోతాను. బుధారం మళ్లీ రోగం ఒచ్చీసి నయమైపోతాను. సుక్కురారం ఇంకోపాలి. నయమైనోడికి మంచం నేదంటారు గదా, మర్నాడు కాక ఆ మర్నాడు మళ్లీ కొత్త పేసెంటునని తెల్లారకుండా వొచ్చి లైన్లో నిలబడతాను. ఫారం రాసినోడు 'ఈ జబ్బు మీకు ఇంతకుముందుండేదా' అని అడుగుతాడు. మొన్నటిదాకా ఉండీది బావూ, నయమైపోయింది అంటాను."

పక్కనే ఉన్న అతని భార్య గున్నమ్మ అందుకుంది. "ఒక్కపాలైనా సరీగ్గా నయం సెయ్యండమ్మా. ఇన్నిసార్లు అక్కర్నేదు."

మేడమ్ లోపలికి వెళ్లారు. టెక్నీషియన్ గౌరునాయుడు ఓ రోగికి అప్పుడే డయాలసిస్ ముగించి, సూది తీసేముందు అదే సూదిలోంచి పరీక్షకి రక్తం లాగుతున్నాడు. నాలుగు గంటలు మిషను కడిగిన రక్తం. అందులో క్రియాటినిన్ మూడో, మూడున్నరో ఉంటుంది. రెండు రోజుల్లో మళ్లీ తొమ్మిదో పదో అవుతుంది. అది రోగి బాగుపడటం కాదు, మిషను బాగా పనిచేయడం.

"ఆఖర్న ఎందుకు తీస్తున్నావయ్యా?" అన్నారు మేడమ్.

గౌరునాయుడు మెత్తటి మనిషి. నొచ్చుకున్నాడు. "ముందు వైద్యం, తరవాతే పరీచ్చ అని రూలొచ్చింది గదండీ. ఇంకోటేటంటే, సూది ఎలాగూ సేతిలోనే ఉంటాది, మళ్లీ గుచ్చక్కర్నేదు. రిపోర్టు కూడా బావుంటాది. నంబరు సిన్నదొస్తే పేసెంటు నవ్వుకుంటా ఇంటికెల్తాడు."

దయతో చేసిన పని. ఆవిడకి తిట్టడానికి ఏమీ దొరకలేదు. తిరుగుదారిలో జీపులోనే నోటు రాయడం మొదలుపెట్టారు. నేను మాత్రం నా పదిహేనో గడి సంగతి చెప్పలేదు.

మర్నాడు మేడమ్ రాసిన నోటు పైఅంతస్తుకి వెళ్లింది. రెండు వారాల తరవాత దానిమీద సమీక్షా సమావేశం పెట్టారు. వేదిక మీద పూలు, ప్రతివారి ముందూ జీడిపప్పు పొట్లం, గోడ మీద వెయ్యిమంది స్వస్థుల పటం.

"డాక్టర్ గారి నోటు అమూల్యమైనది. స్వస్థులైనవారు నలభై ఎనిమిది గంటల్లోగా మళ్లీ రోగులుగా నమోదవుతున్నారన్న విషయాన్ని వారు మన దృష్టికి తెచ్చారు. దీన్ని తీవ్రంగా పరిగణించాం. మనం ఇచ్చిన స్వస్థతను నిలుపుకోవడంలో లబ్ధిదారులు నిర్లక్ష్యం వహిస్తున్నారు" అని మొదలుపెట్టారు విశ్వంభరం గారు.

"నేను రాసింది అది కాదు. వాళ్లు నయం కాలేదు. డయాలసిస్ అయ్యాక తీసిన రక్తంతో జబ్బుందో లేదో చెప్పకూడదు. స్నానం చేసి వచ్చినవాణ్ణి చూసి వీడికి చెమటే పట్టదని రాస్తామా?" అన్నారు మేడమ్.

"మీ పదిహేడో పత్రంలో ముందా తరవాతా అని లేదు కదా?"

"మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలిసిన సంగతి పత్రంలో ఎందుకు రాస్తాను?"

"విద్యార్థులు మారుతుంటారు మేడమ్. విధానం మారదు."

"ఆ వాక్యం రాసింది నేను. దాని అర్థం నేను చెబుతున్నాను."

విశ్వంభరం గారు చిరునవ్వు నవ్వారు. "రచయిత అభిప్రాయం ఆధారం కాదు మేడమ్. అచ్చయిన వాక్యమే ఆధారం. కాదంటే కొత్త ఆధారం తెండి. సగంమందికి మంచం ఇచ్చి, సగంమందికి ఇవ్వకుండా ఆర్నెల్లు అధ్యయనం చెయ్యండి."

"ఆర్నెల్ల తరవాత ఆ రెండో సగంలో ఎవరూ మిగలరండీ!"

"ఫలితం అంత స్పష్టంగా వస్తుందంటే మరీ మంచిది" అన్నారాయన. ఆయన క్రూరుడు కాడు. జీడిపాలెం ఎప్పుడూ చూడలేదు, అంతే.

ఆ సమావేశంలో రెండు తీర్మానాలు జరిగాయి. మొదటిది, స్వస్థత నిలుపుదల శిక్షణ. నయమైనవాళ్లు నయమైన స్థితిలో ఎలా కూర్చోవాలో, ఎలా ఆలోచించాలో నేర్పే తరగతులు. రెండోది, స్వస్థతల దుర్వినియోగ నివారణ. ఒక వ్యక్తి జీవితకాలంలో నలభైసార్లకి మించి నయం కారాదు. నలభయ్యోసారి నయమైనవాడి పేరు కంప్యూటరు మళ్లీ కొత్త రోగిగా తీసుకోదు. నలభయ్యే ఎందుకని ఎవరో అడిగారు. "మండలం అంటే నలభై రోజులు. సంప్రదాయానికీ శాస్త్రానికీ సమన్వయం" అన్నారు విశ్వంభరం గారు. అందరూ జీడిపప్పు తింటూ తలలూపారు.

ఉత్తర్వు సోమవారం వెలువడింది. గురువారం జీడిపాలెం నుంచి గున్నమ్మ మా ఆఫీసుకి వచ్చింది. మేడమ్ ఇచ్చిన నీళ్ల గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా నిలబడింది.

"ముప్పై ఎనిమిదైపోనాయమ్మా. రేపటితో ముప్పై తొమ్మిది. సోమారంతో నలభై. ఆ మీదట పేరు తీసుకోరంటన్నారు. మాయానకి నేనేటి సెప్పాలమ్మా? రేపు నువ్వు నయమవ్వకు అని సెప్పనా?"

డయాలసిస్ ఆగితే దాలయ్య లాంటి మనిషి ఎన్ని రోజులుంటాడో మేడమ్‌కి తెలుసు. పది రోజులు. పన్నెండు. గున్నమ్మకీ తెలుసు, లేకపోతే నూరు కిలోమీటర్లు బస్సెక్కి వచ్చేది కాదు.

ఆ రోజు మేడమ్ పై అంతస్తుకి మూడుసార్లు ఎక్కారు, ఆ మోకాళ్లతో, మెట్ల మీదుగా. లిఫ్టు సలహాదారు హోదాకి తగ్గితే కదలదు. మూడుసార్లూ విశ్వంభరం గారు పురస్కార స్వీకరణ ఉపన్యాసం సాధన చేస్తున్నారు. శుక్రవారం దాలయ్య ముప్పై తొమ్మిదోసారి నయమయ్యాడు. ఆ పత్రం మీద ముద్ర వేసింది నేనే. నిజం చెప్పాలంటే నాకు సిగ్గేసింది. ఓ గడి కాగితం మీద పట్టలేదని తీసేసినవాణ్ణి నేను, మనిషికి మంచం పోయేదాకా నోరు విప్పనివాణ్ణి కూడా నేనే.

సాయంత్రం ఆఫీసు ఖాళీ అయ్యాక విధానం మొత్తం ఫైలు తీసి మొదటి పేజీ నుంచి చదివాను. ఇన్నేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్నది ఒక్కటే. ప్రభుత్వ ఉత్తర్వు ఎంత పెద్దదైనా, చివర్న ఎవరూ చదవని అనుబంధం ఒకటి ఉంటుంది. ఉంది. అనుబంధం ఏడు, సాంకేతిక సూచనలు. రక్తనమూనా ఎలా సేకరించాలి, ఏ సీసాలో పొయ్యాలి వగైరా. కింద చిన్న అక్షరాల్లో "సవరించు అధికారం: పరిశోధన విభాగాధిపతి" అని ఉంది.

మేడమ్ గదిలోకి పరుగెత్తాను. ఆవిడ కళ్లజోడు తీసి కూర్చున్నారు.

"మేడమ్, ముందు వైద్యం, తరవాత పరీక్ష అన్నది నిబంధన. దాన్ని మనం ముట్టుకోలేం. కానీ రక్తం ఎప్పుడు తియ్యాలో నిబంధనలో లేదు. అది అనుబంధంలో ఉంది. అనుబంధం మీది."

ఆవిడ నావైపు చూశారు. అప్పుడే పదిహేనో గడి సంగతి కూడా చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. "అయితే రాయండి" అన్నారు, అంతే.

ముసాయిదా నేనే రాశాను. "రోగులకు సూదిబాధ తగ్గించు నిమిత్తం, చికిత్సకై మొదటి సూది గుచ్చినప్పుడే రక్తనమూనాను సేకరించి భద్రపరచవలెను. పరీక్షను మాత్రం నిబంధన ప్రకారం చికిత్సానంతరమే జరుపవలెను." మేడమ్ సంతకం పెట్టారు. శనివారం పొద్దున్నకల్లా పద్నాలుగు కేంద్రాలకీ వెళ్లిపోయింది. గౌరునాయుడు ఫోన్ చేసి, "ఇదేటండీ, ఇంత సులువా? ఇన్నాళ్లూ ఎవులూ సెప్పనేదేటి!" అన్నాడు.

సోమవారం దాలయ్య తెల్లారకముందే లైన్లో నిలబడ్డాడు. గౌరునాయుడు సూది గుచ్చుతూనే రక్తం తీసి పక్కన పెట్టాడు. నాలుగు గంటల తరవాత పరీక్ష చేశాడు. తొమ్మిదీ పాయింట్ ఆరు. కంప్యూటరు ఓ క్షణం ఆలోచించి, "రోగి. మంచం కేటాయించడమైనది. సోమ, బుధ, శుక్ర" అని రాసింది. దాలయ్య ఇక లైన్లో నిలబడక్కర్లేదు.

అదే రోజు సాయంత్రానికి రాష్ట్రంలో నయమయ్యేవారి శాతం తొంభై నాలుగు నుంచి సున్నాకి పడిపోయింది. ఒక్క పగటిలో వెయ్యిన్నూట పన్నెండుమందికి మూత్రపిండాల జబ్బు వచ్చింది.

ఢిల్లీ వెళ్లాల్సిన విశ్వంభరం గారు సూట్‌కేసుతో సహా ఆఫీసుకి తిరిగొచ్చారు. అత్యవసర సమావేశం జరిగింది. ఇంత వేగంగా వ్యాపించిందంటే ఇది అంటువ్యాధే అని నిపుణులు తేల్చారు. మంగళవారం జీడిపాలెంలో బ్లీచింగు పౌడరు చల్లారు. దోమల పొగ కొట్టారు. ఆటోకి మైకు కట్టి, "మూత్రపిండాల బాధితులకు ఆరడుగుల దూరం పాటించండి" అని వీధివీధికీ తిప్పారు. మూడు రోజులు బడికి సెలవిచ్చారు, పిల్లలు చాలా సంతోషించారు. గున్నమ్మ మాత్రం ఆటోని ఆపి, "మాయాన పక్కన పదిహేనేళ్ల బట్టి పడుకుంటన్నాను బావూ, నాకెప్పుడు అంటుకుంటాదో సూసి సెప్పు" అని అడిగిందట. ఆటోవాడు మైకు ఆపేసి వెళ్లిపోయాడు.

వ్యాధి ఎక్కణ్ణించి మొదలైందో వెతకగా, శనివారం నాటి సర్క్యులర్ బయటపడింది. కింద సంతకం డాక్టర్ పేడాడ మృణాళిని. వెయ్యిన్నూట పన్నెండుమందిని రోగగ్రస్తులను చేసినందుకు ఆవిడకి మెమో ఇచ్చి, విచారణకి ఆదేశించారు.

విచారణాధికారిగా వచ్చినాయన ఆకెళ్ల దక్షిణామూర్తి గారు, రిటైరయిన పెద్ద అధికారి. జీడిపాలెం కేంద్రంలోనే కూర్చున్నారు. బయట పొగ కొడుతుండటంతో దగ్గుతూ మొదలుపెట్టారు. మొదట నన్ను పిలిచారు.

"ఈ మొత్తానికీ మూలం నేనేనండీ. ఫారంలో పదిహేనో గడి తీసేశాను" అన్నాను.

ఆయన ఫారం తిప్పి తిప్పి చూశారు. "ఏదీ ఆ గడి?"

"తీసేశానండీ. అందుకే లేదు."

"లేని గడికి సాక్ష్యం ఏముంటుందయ్యా? కూర్చో" అన్నారు. జీవితంలో మొదటిసారి తప్పు ఒప్పుకుంటే రికార్డుకెక్కలేదు.

తరవాత మేడమ్‌ని అడిగారు. "ఈ సర్క్యులర్ మీదేనా? దీనికి ముందు వీళ్లు రోగులు కారు, తరవాత రోగులయ్యారు. కాదంటారా?"

"కాగితం ప్రకారం కాదనలేను" అన్నారు మేడమ్. "తీసెయ్యదలుచుకుంటే నన్ను తీసెయ్యండి. సర్క్యులర్ తియ్యకండి. అది తీస్తే బుధవారం ఈ మంచాల మీద ఉన్నవాళ్లు పై వారానికి ఉండరు." పదకొండేళ్లలో ఆవిడ ఎవరినీ బతిమాలగా నేను చూడలేదు.

చివరికి బాధితుల తరఫున దాలయ్యని పిలిచారు. విశ్వంభరం గారు స్వయంగా ప్రశ్న అందించారు. "భయపడకుండా చెప్పు. నువ్వు ముప్పై తొమ్మిదిసార్లు ఆరోగ్యవంతుడివయ్యావు. ఇప్పుడు శాశ్వతంగా రోగివయ్యావు. దీనికి కారణం ఈవిడేనా?"

"అవును బావూ" అన్నాడు దాలయ్య.

గదిలో అందరూ ముందుకి వంగారు. విశ్వంభరం గారు రాసుకోమని సైగ చేశారు.

"ఆయమ్మ పున్నెమే. నయమైపోయినన్నాళ్లూ సచ్చిపోతానని బయంగుండేది. రోగమొచ్చినకాడ్నించి కంటినిండా నిద్దరోతన్నాను. ఆయమ్మ సల్లగుండాల. నాకు రోగమిచ్చింది ఆయమ్మేనని ఎక్కడ సంతకం ఎట్టమంటే అక్కడ ఎడతాను."

దక్షిణామూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పొగ వల్ల అన్నారు. దాలయ్య చేతిమీద ఉబ్బిన నరాన్ని కాసేపు చూశారు. "ముప్పై తొమ్మిదా?" అని మెల్లిగా అడిగి, ఇంకేమీ అడక్కుండా లేచారు.

పదిహేను రోజులకి తుది ఉత్తర్వు వచ్చింది. దక్షిణామూర్తి గారు తెలిసే రాశారో, తెలియకే రాశారో ఇప్పటికీ నాకు అంతుబట్టదు. మేడమ్‌ని మా ఆఫీసు నుంచి తప్పించి జీడిపాలెం కేంద్రానికి బదిలీ చేశారు. ఉత్తర్వు పట్టుకుని వెళ్లింది నేనే. మేడమ్ వార్డులో మంచాల మధ్య నిలబడి ఉంటే, అక్కడే చదివి వినిపించాను.

"సదరు వెయ్యిన్నూట పన్నెండుమందిని రోగులుగా మార్చిన బాధ్యత డాక్టర్ పేడాడ మృణాళిని గారిదేనని నిర్ధారణ అయినది. కావున వీరందరినీ వారి జీవితాంతం రోగులుగానే కొనసాగించవలసిన పూర్తి బాధ్యత సదరు డాక్టరుపై మోపడమైనది. రక్తనమూనా సేకరణ విధానమును ఇకపై ఎవరునూ మార్చరాదు. వీరిలో ఏ ఒక్కరు తగ్గినను, అందుకు ప్రభుత్వం లిఖితపూర్వకముగా సంజాయిషీ కోరును."

మేడమ్ ఉత్తర్వు తీసుకుని ఆ చివరి వాక్యం మళ్లీ చదువుకున్నారు. ముప్పై ఏళ్లు, నలభై ఒక్క పత్రాలు. వీళ్లలో ఎవరైనా పోతే ప్రభుత్వం ఎందుకని అడగాలని ఆవిడ రాయని పత్రం లేదు. అందినట్టు సంతకం పెట్టేటప్పుడు ఆవిడ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. నా సంగతి మాత్రం నాకు తెలుసు.

మూడో మంచం మీద మిషనుకి చెయ్యి అప్పగించి పడుకున్న దాలయ్య తల ఎత్తాడు. "ఏటి రాసినారమ్మా?"

"నువ్వు చావకూడదని రాశారు దాలయ్యా" అన్నారు మేడమ్. "ఇదిగో, ముద్ర కూడా వేశారు."

"గవర్నమెంటోడు అంత గట్టిగా రాసీసినాక తప్పుద్దేటమ్మా" అని దాలయ్య తల దిండు మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు.